కత్తెర దించిన ఏడు

రుస్తాక్‌ల ఆ ఇంటి వెనుక
మూడు ఖర్జూరపు దుంగలున్నయి,
నడుమ తొలిచి, మూతికి మట్టి మెత్తినయి.
ఒక్కో దుంగల ఒక్కో ఊరు.
ఇంటి పెద్దామె షమ్సా
పొద్దున్నే దుంగకు చెవి ఆనిచ్చి
"ఇయ్యాల మాట్లాడుతున్నయి" అంటది.
అప్పటికి నాకొచ్చిన అరబ్బీ నాలుగు మాటలు:
నీళ్లు, పార, రేపు, సరే.

అంతకుముందు మస్కట్‌ల ఆరేండ్లు
కోనోకార్పస్ కంచెల్ని గోడల లెక్క చెక్కిన.
అక్కడ పువ్వుతోని పనిలేదు,
గీత వంకర పోకుంటే జీతం.
చెట్టు కనబడితే చెయ్యి కత్తెర మీదికే పోయేది.

ఆగస్టుల, వెనుక గోడ పక్కన
సిదర్ చెట్టు అడ్డదిడ్డంగ పెరిగిందని
నాలుగు దిక్కులా సమంగ కొట్టిన.
గొడుగు లెక్క కుదిరింది, మురిసిపోయిన.
ముండ్లు గీరిన మోచేతులకు
కొబ్బరినూనె రాసుకొని పండుకున్న.

అక్టోబర్‌ల, కొండ అవతలి వాదీల
(వాదీ అంటే వాగే, నీళ్లు మరిచిన వాగు)
రేగులన్నీ పూసినయని
డ్రైవర్ కున్హాలి చెప్పిండు.
మా చెట్టు మాత్రం పచ్చగ, శుభ్రంగ
మూగగ నిలవడ్డది.
ఈగలు అంత దూరం పోయి
రెక్కల అంచులు చినిగి వచ్చేటివి.
కొన్ని రాలేదు.

తప్పు తెలిసింది గని చెప్పుకునే మాట రాలే.
పళ్లెంల గులకరాళ్లు పోసి
చక్కెర నీళ్లు కలిపి
ఎవ్వరు చూడకుండ దుంగల ముంగట పెట్టిన.
తాగినయి పాపం. నిండ తాగినయి.

డిసెంబర్‌ల తెట్టె కోసి
షమ్సా వేలు ముంచి నాలుకకు తాకించింది.
కండ్లు మూసుకుంది. తెరిచింది.
"ఇది ఏ చెట్టు? దుకాణం చెట్టా?"
అని నవ్వింది.
తిట్టినా బాగుండు.

ఆ చలికాలం పోయినంక
నన్ను వెంట తిప్పుకుంది.
వేపను చూపించి "మీ దిక్కుదే" అన్నది.
వీసా ఎవరిచ్చిండ్రో గని
మార్చిల దాని పూత కింద
నా వాకిలి వాసన, నేను అడగకుండనే.
సమర్ అంటే తుమ్మకు చెల్లె.
తుమ్మను మేం కంచెకు, పొయ్యికి తప్ప ఎంచం;
దీని తేనె నల్లగ,
అడుగంటిన బెల్లప్పాకం రుచి.

ఇంకొంచెం ముందుకు, ఇసుక మొదలైన కాడ
గాఫ్ అని ఒక చెట్టు చూపించింది.
ఆకు తుంచి వేళ్ల నడుమ నలిపిన.
జమ్మి!
నా చేతులకే ముందు తెలిసింది.
ఎన్ని దసరాలు ఈ ఆకును
బంగారమని పంచిన, జేబుల పెట్టుకున్న,
దీనికి పువ్వుంటదని
ఒక్కనాడన్నా తల ఎత్తి చూసిన్నా?
సన్నటి లేతపసుపు కంకులు,
కంకి కంకికీ ఈగలు.
బంగారం ఏడున్నదో
వీటికి ఎవరూ చెప్పలే.

మళ్ల ఆగస్టు.
సిదర్ కొమ్మలు గోడ దాటి
చిన్న యజమాని సుల్తాన్ కారు మీద
ఆకులు, పిట్టల రెట్టలు.
"ఎప్పుడు కొడుతవు?" అన్నడు.
"రేపు" అన్న.
తెల్లారి అడిగిండు. రేపు అన్న.
కత్తెరకు గోనెసంచి చుట్టి
మోటారు గదిల పైకెక్కించిన.
సెప్టెంబర్ అంత రేపే.
షమ్సా కిటికీల నుంచి విన్నది,
ఏమనలే.

ఒకనాడు పొద్దున ముక్కుకు తాకింది.
నిజం చెప్పాలె, రేగుపూత వాసన మంచిగుండదు,
తడిసిన గొంగడి ఎండకేసినట్టుంటది.
ఆ రోజు గుండెనిండ పీల్చిన.
ఆకుల సందున, ఆకుల రంగుల్నే,
ఆవగింజంతంత పూలు.
చెట్టంత మోగుతున్నది.

కారు తీస్తున్న సుల్తాన్
నా దిక్కు చూసి, చెట్టు దిక్కు చూసి
అవతలికి తీసిపోయి పెట్టుకున్నడు.

ఎవరూ లేంది చూసి
దుంగకు చెవి ఆనిచ్చిన.
ఎన్ని మాటలో. ఒక్కటీ అర్థం కాలే.
నాకొచ్చిన నాలుగిట్ల
మిగిలిందొకటి అన్న:
సరే.